బుజ్జి అని రాసుకుంటే తప్పా?

పోయిన నెలలో ఒక డిగ్రీ అమ్మాయి సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ పట్టుకుని మా షాపుకొచ్చింది. కాలేజీలో అందరికీ పెన్‌డ్రైవ్‌లో అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ ఇచ్చారట. క్లాసులో అందరికీ ఎక్కింది, ఈమెకే ఎక్కలేదు. ‘‘సెటప్ నొక్కగానే ఏదో ఎర్రర్ వచ్చి పోతోంది అంకుల్’’ అంది.

తెనాలిలో పద్నాలుగేళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. ఇలాంటిది రాగానే చెయ్యి దానంతటదే కొన్ని చోట్లకు వెళ్తుంది. ఫైలు సగమే కాపీ అయిందేమోనని సైజు చూశాను. సరిపోయింది. 64 బిట్ విండోస్ మీద నడవని పాతకాలపు 16 బిట్ సరుకేమో అనుకున్నాను. కాదు. ప్రాపర్టీస్‌లో ‘అన్‌బ్లాక్’ టిక్కు పెట్టాల్సిన పనీ లేదు. యాంటీవైరస్ ఆపేసి చూడమనేవాళ్లు మా వృత్తిలో చాలామందే ఉన్నారు. పోలీసును పంపేసి తాళం బాగుచేయడం లాంటిదది, నేను చేయను.

ఈసారి ఎర్రర్ పెట్టె నిదానంగా చదివాను. ‘టెంపరరీ ఫైలు రాయలేకపోతున్నాను, టెంప్ ఫోల్డర్ సరిగ్గా ఉందో లేదో చూడండి’ అంటోంది. డిస్కు నిండిందా అంటే సగం ఖాళీ. టెంప్ అంతా ఊడ్చేశాను. అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేశాను. మళ్లీ అదే పెట్టె. ఒక పూట పోయింది. చివరికి విసుగొచ్చి సీ డ్రైవ్‌లో యూజర్స్ ఫోల్డర్ తెరిస్తే అక్కడ తెలుగులో ‘బుజ్జి’ అని ఉంది.

‘‘ఇదెవరు?’’ అన్నాను. ‘‘నేనే అంకుల్. కొన్నప్పుడు షాపతను పేరు కొట్టమంటే తెలుగులో కొట్టాను. తర్వాత పక్కింటి అన్నయ్య ఇంగ్లిష్‌లోకి మార్చాడు’’ అంది. ఆ అన్నయ్య కంట్రోల్ ప్యానెల్‌లో మార్చింది పైకి కనిపించే పేరు మాత్రమే. మొదట పుట్టిన ఫోల్డర్ పేరు దానితో మారదు. లాగిన్ తెర మీద ఇంగ్లిష్ పేరు చూసి నేనూ బోల్తా పడ్డాను.

సంగతేమిటంటే, సెటప్ ఫైలు ముందు తన మూటను టెంప్ ఫోల్డర్‌లో విప్పుకోవాలి. ఆ ఫోల్డర్ ఉండేది బుజ్జి ఫోల్డర్ లోపలే. పాత పద్ధతిలో రాసిన ఇన్‌స్టాలర్లు అక్షరాలను 256 గళ్ల పట్టికలోంచి చదువుతాయి. విండోస్‌లో రష్యన్‌కు 1251, గ్రీకుకు 1253, అరబిక్‌కు 1256 అని అలాంటి పట్టికలున్నాయి. తెలుగుకు ఎప్పుడూ లేదు. మన భాష విండోస్‌లోకి నేరుగా అన్ని భాషల అక్షరాలకూ చోటిచ్చే యూనికోడ్‌తోనే వచ్చింది. అందుకని ఆ ఇన్‌స్టాలర్‌కు ‘బుజ్జి’ అనేది వరుసగా ప్రశ్నార్థకాలుగా కనిపిస్తుంది. విండోస్‌లో ఫోల్డర్ పేరులో ప్రశ్నార్థకం పెట్టనివ్వరు. కథ అక్కడితో సమాప్తం. అడ్మినిస్ట్రేటర్‌గా నడిపినా అదే మనిషి, అదే ఫోల్డర్.

సీ డ్రైవ్‌లో ‘టెంప్’ అని ఇంగ్లిష్‌లో ఒక ఫోల్డర్ చేసి, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో టెంప్, టీఎంపీ రెండింటినీ దానికి తిప్పాను. రెండు నిమిషాల్లో ఎక్కేసింది.

మా షాపు కుర్రాడు ‘‘ఇంగ్లిష్‌లో కొత్త యూజర్ చేసిస్తే పోయేది కదా సార్, ఇంత గోలెందుకు’’ అన్నాడు. నిజమే, పని జరిగేది. ఇన్నేళ్లూ నేనూ కస్టమర్లకు అదే చెబుతూ వచ్చాను. పేరు ఇంగ్లిష్‌లోనే పెట్టుకోండి, లేకపోతే ఇబ్బంది అని. ఆ పూట ఆ పిల్ల ‘‘తెలుగులో రాయడం నా తప్పా అంకుల్?’’ అని అడిగితే సమాధానానికి తడుముకున్నాను. తప్పు ఆమెది కాదు. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. 1993 నాటి విండోస్ ఎన్‌టీ లోపల నడిచిందీ యూనికోడ్‌తోనే. ఇన్‌స్టాలర్లు తయారుచేసే ఉచిత పనిముట్లలో ఎన్‌సిస్ 2016లో వచ్చిన మూడో వెర్షన్ నుంచి యూనికోడ్ తీసుకుంటోంది. స్క్రిప్టులో ఒక్క వరుస రాస్తే చాలు. ఇన్నో సెటప్ అయితే 2019లో ఆరో వెర్షన్ నుంచి పాత పద్ధతినే ఎత్తేసింది. ఇంకా పాత పనిముట్టుతో మూట కట్టి అమ్మేవాళ్లకు ఖర్చు అడ్డం కాదు, బద్ధకం అడ్డం. తమ ఆఫీసులో ఎవరి కంప్యూటర్‌కూ తెలుగు పేరు లేదు కాబట్టి వాళ్లకు ఎర్రర్ కనబడదు, అంతే.

ఆ ఎర్రర్ పెట్టె మాట ఒకటుంది. ‘మీ ఫోల్డర్ పేరులో నేను చదవలేని అక్షరాలున్నాయి’ అని ఒక్క ముక్క చెబితే నా పూట మిగిలేది. నిజానికి అప్పుడు మా షాపుకు రావాల్సిన పని కూడా ఉండేది కాదు. గిరాకీ పోతే పోయింది.

కాలేజీలకూ, మన రెండు రాష్ట్రాల్లో సాఫ్ట్‌వేర్ కొనే ప్రభుత్వ శాఖలకూ నాదొక విన్నపం. టెండర్ మీద సంతకం పెట్టే ముందు ఒక లాప్‌టాప్‌లో తెలుగు పేరుతో కొత్త యూజర్‌ను తెరవండి. కంపెనీ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, ఆ సెటప్‌ను అతనిచేతే నొక్కించండి. పావుగంట పట్టదు.