ఈ వారము చేరిన పుస్తకములు

క్రొత్త పుస్తకము చేతికందిన దినమున దానిని గూర్చి నలుగురితో చెప్పుకొనవలెనని తోచుట చదువరులకు సహజము. ఇటీవల కొందరు ఈ కోరికకొక క్రమమును కల్పించుకొన్నారు. ఆ వారములో తాము కొన్నవి, మిత్రులు బహూకరించినవి, గ్రంథాలయమునుండి తెచ్చుకొన్నవి ఒక పట్టికగా వ్రాసి తోడి చదువరులకు తెలుపుచున్నారు. వారి పట్టికలను తాము చూచుచున్నారు. పైపైన చూచువారికిది కాలక్షేపముగనో, కొంత డంబముగనో తోచవచ్చును. తెలుగుపుస్తకమునకు పట్టిన దుఃస్థితి నెరిగినవారు మాత్రము ఈ అలవాటును తేలికగా త్రోసివేయజాలరు.

ఆ దుఃస్థితి పుస్తకములు రాకపోవుట కాదు, వచ్చినట్లు తెలియకపోవుట. కవితాసంపుటియో, విమర్శగ్రంథమో, ఒక సీమయొక్క చరిత్రయో అయినచో పెక్కుసారులు రచయితయే ఖర్చు భరించి ఏ 500 ప్రతులో అచ్చువేయించును. లోపలిపుటలో "ప్రతులకు" అనుమాటక్రింద ఆయన ఇంటి చిరునామాయే ఉండును. ఆవిష్కరణసభలో కొన్ని ప్రతులు పంచబడును, కొన్ని సమీక్షలకై పత్రికలకు పోవును, మిగిలినవి అటకయెక్కును. వెల ఉండవలసినచోట "అమూల్యము" అని అచ్చువేయు ఆచారముకూడ మనలో కలదు. వినుటకు సొంపుగానున్నను, కొనదలచినవానికి ఆ మాటవలన కలుగు ప్రయోజనము శూన్యము.

పూర్వము ప్రభుత్వమే ఒక లెక్క వ్రాసెడిది. 1867 నాటి చట్టము ననుసరించి అచ్చయిన ప్రతి పుస్తకము నమోదు కావలెను. గ్రంథనామము, కర్త, ముద్రాలయము, పుటలు, ప్రతులసంఖ్య, వెల మొదలగు వివరములతో మూడునెలలకొకసారి పట్టికలు ప్రకటింపబడెడివి. సాహిత్యచరిత్ర వ్రాయువారికి మద్రాసు రాజధాని పట్టికలు నేటికిని గనివంటివి. ఎన్నడో నామరూపములు లేకుండ పోయిన శతకములు, నాటకములు ఒకప్పుడుండెనని చెప్పుటకు కొన్నియెడల ఆ ఒక్క పంక్తియే సాక్ష్యము. 2024 మార్చి 1న అమలులోనికి వచ్చిన క్రొత్తచట్టము పాతదానిని తొలగించినది. అది పత్రికలకు మాత్రమే వర్తించును, పుస్తకముల ఊసెత్తదు. ప్రకటించిన 30 దినములలోగా కలకత్తా జాతీయ గ్రంథాలయమునకు, మరి మూడు గ్రంథాలయములకు ప్రతులు పంపవలెనన్న 1954 చట్టము నిలిచియున్నది. దానిని శ్రద్ధగా పాటించు చిన్న ప్రకాశకులెందరో వారికే తెలియవలెను.

పత్రికలు చేసిన మేలు స్వల్పము కాదు. 1924లో వెలువడి 1991లో ఆగిపోయిన 'భారతి' వంటి మాసపత్రికలో గ్రంథవిమర్శ చదివి పుస్తకము తెప్పించుకొన్న తరములు కలవు. ఈనాటి పుటలలోకూడ అందిన పుస్తకముల పట్టికలు కనబడుచునేయున్నవి. అయితే స్థలాభావముచేత వానిలో గ్రంథనామము, కర్తపేరు తప్ప మరేమియు మిగులదు. సమీక్ష వచ్చుసరికి నెలలు గడచును. వచ్చినది మిత్రవాక్యమో, విమర్శయో తేల్చుకొనుట మరొక శ్రమ.

చదువరుల వారపుపట్టిక ఈ లోటును కొంత పూడ్చుచున్నది. అది తీర్పు చెప్పదు. పుస్తకము వచ్చినదని చెప్పును. "కొన్నవన్నియు చదివితిరా?" అని ఆక్షేపించువారు ఈ భేదమును గమనింపవలెను. చదివినపిదప వ్రాయునది వేరు. ఒక జిల్లాలో ఒక అధ్యాపకుడు ప్రకటించిన జానపదగేయసంపుటి మరియొక జిల్లాలోని పరిశోధకుని కంటబడుటకు, చదువనివాడు వ్రాసిన రెండుపంక్తులైనను చాలును.

ఆ రెండుపంక్తులలో ఉండవలసినవి మాత్రము ఉండవలెను. అట్టల బొమ్మలను దొంతరగా పేర్చిచూపి ఊరకుండుట పట్టిక కాదు, అలంకారము. పుస్తకము ఎచట దొరకినది, వెలయెంత, ఎవరు ప్రకటించిరి, దానిని ఏల ఎన్నుకొనవలసివచ్చెను—ఇంత చెప్పినచో తోటివానికి దారి చూపినట్లగును. కొన్నదానిని కొన్నదనియు, ఉచితముగా వచ్చినదానిని ఉచితముగా వచ్చినదనియు చెప్పుట మరియు ముఖ్యము. బహూకరణప్రతిని ఏరికోరి కొన్న పుస్తకమువలె చూపినచో చదువరి నమ్మకము చెడును. ఆంధ్రదేశమున అరువుపుస్తకము పరువుతక్కువ కాదు గనుక, గ్రంథాలయమునుండి తెచ్చినదానిని దాచవలసిన పనియు లేదు.

పుస్తకమును పదుగురిదిగా భావించుట ఈ నేలకు క్రొత్త కాదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయమును, 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయమును నెలకొల్పినవారి తలంపదియే. 1914లో అయ్యంకి వేంకటరమణయ్య పూనికతో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగెను. 1935లో పాతూరి నాగభూషణము గుంటూరు జిల్లా కాలువలపై నడచు పడవలలోనికి పుస్తకములను చేర్చెను. పడవ మెల్లగా సాగుచుండగా ప్రయాణికుడు చదువుకొనెడివాడు. ప్రతి పుస్తకమునకును ఒక పాఠకుడుండునని 1931లో ఎస్. ఆర్. రంగనాథన్ సూత్రీకరించెను. ఆ పాఠకుని వెదకుకొనుచు పోయినది ఆ పడవ. నేటి పట్టికకును అదియే పని.

అయితే పడవలో పుస్తకము చేతికి దొరకెడిది. పట్టికలో పేరు మాత్రమే దొరకును. పేరు చూచి ఊరించి, పుస్తకమును బీరువాలో పెట్టి తాళము వేసికొన్నచో పంచుకొన్నట్లగునా? పరహస్తమున పడిన పుస్తకము తిరిగిరాదన్న పాతమాట భయపెట్టుచుండును. ఆ భయము నిరాధారము కూడ కాదు. దానికి మందు తాళము కాదు, చిన్న నోటుపుస్తకము. తీసికొన్నవాని పేరు, తేది, తిరిగి ఇయ్యవలసిన గడువు వ్రాసికొన్నచో సగము పుస్తకములైనను మొగమాటమునకు బలికాకుండ ఇల్లు చేరును. ఒకే వీధిలోని నలుగురు తమ పట్టికలను సరిచూచుకొన్నచో ఒకే గ్రంథమును నలుగురును కొనక, నాలుగు గ్రంథములను కొనగలరు.

ఈ పట్టికలను చూడవలసినవారు మరికొందరు కలరు. గ్రంథాలయములకై ప్రజలు ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసలు సెస్సు చెల్లించుచున్నారు. వసూలైన సొమ్ము స్థానికసంస్థలనుండి గ్రంథాలయసంస్థలకు సకాలమున చేరకపోవుట పాతకథ. చేరినంతలోనైనను ఏవి కొనవలెనో నిర్ణయించునపుడు, ఆ ఊరి చదువరులు ఈ వారము వేనిని వెదకి కొనిరో తెలిసికొనుట గ్రంథపాలకునకు కష్టము కాదు. శాఖాగ్రంథాలయము వాకిట ఒక నల్లబల్లయు, సుద్దముక్కయు ఉన్నచో, "ఈ వారము చేరినవి" యని ఒకప్రక్కను, "పాఠకులు కోరుచున్నవి" యని రెండవప్రక్కను వ్రాయవచ్చును.