గోడ కూలితే కూలనీ... నేలెవరిది? టేపెవరిది?

"టీవీ స్టూడియో కూల్చేస్తే మనకేటి మాస్టారూ? అందులో మనవోళ్ళెవరైనా ఆడేరా, పాడేరా?" అని మన పేటల్లో అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. మన గుడిసె కూలితే వార్త కాదు. స్టూడియో కూలితే మాత్రం కన్నీళ్ళు పెట్టుకుని వ్యాసాలు రాసేవాళ్ళున్నారు. ఆ కన్నీళ్ళు మనవి కావు. కానీ అన్నల్లారా, అక్కల్లారా! కన్నీళ్ళు మనవి కాకపోయినా చాలాచోట్ల ఆ నేల ప్రజలది. లోపల టేపుల మీదికి ఎక్కింది మన పాట, మన చెమట. అందుకే ఈ గొడవ మనది కూడా.

ముందు జరిగిన సంగతులు చూద్దాం. ఇంగ్లండులో టీవీ పాత ఇళ్ళు ఒక్కొక్కటీ కూలిపోయాయి. బీబీసీ వాళ్ళ లైమ్ గ్రోవ్ స్టూడియో 1991లో మూతపడింది. తర్వాత దాన్ని కూల్చి ఇళ్ళు కట్టారు. బర్మింగ్‌హామ్‌లో 1971లో తెరిచిన పెబుల్ మిల్ స్టూడియోని 2005లో నేలమట్టం చేశారు. ఆ చోట ఇప్పుడు పళ్ళ ఆసుపత్రి ఉంది. లండన్‌లో 1960 నుంచి నడిచిన టెలివిజన్ సెంటర్‌ని 2012లో 20 కోట్ల పౌండ్లకి అమ్మేశారు. కొంత ఉంచి, కొంత కూల్చి ఖరీదైన ఫ్లాట్లు కట్టారు.

ఒకే సంస్థ, మూడు స్టూడియోలు. ఒకచోట ఇళ్ళొచ్చాయి, ఒకచోట రోగులకి ఆసుపత్రి వచ్చింది, ఒకచోట డబ్బున్నోళ్ళకి ఫ్లాట్లొచ్చాయి. అంటే ఏమిటి? పాత గోడ ఎలాగూ కూలుతుంది. కూలాక ఏమి రావాలో మాత్రం ఎవరో కుర్చీలు వేసుకుని కూర్చుని నిర్ణయిస్తారు. ఆ కుర్చీల దగ్గర మనం ఉన్నామా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ఇక మన వైపు రండి. మద్రాసు వడపళనిలో తెలుగువాళ్ళు కట్టిన వాహినీ స్టూడియో ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవారు. ఇప్పుడక్కడ ఆసుపత్రి, మాల్ ఉన్నాయి. అది సొంత ఆస్తి అంటారు, సరే. మన పొరుగున విశాఖపట్నంలో ఏం జరిగింది?

2003లో అప్పటి ప్రభుత్వం మధురవాడ దగ్గర, భీమిలి రోడ్డు పక్క సముద్రం కనిపించే కొండ మీద 34.44 ఎకరాలు రామానాయుడు స్టూడియోకి ఇచ్చింది. స్టూడియో కట్టడానికే ఇచ్చింది. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి అందులో 15.17 ఎకరాలు ఇళ్ళ లేఅవుటుగా మార్చడానికి ఫైలు కదిలింది. ఇచ్చింది ఒక పార్టీ ప్రభుత్వం, మార్చనిచ్చింది ఇంకో పార్టీ ప్రభుత్వం. సంగతి సుప్రీంకోర్టుకెక్కింది. 2025లో ఆ 15.17 ఎకరాల కేటాయింపు రద్దు చేసే పని ప్రభుత్వం మొదలుపెట్టింది. స్టూడియో వాళ్ళు సుప్రీంకోర్టుకి వెళ్తే అక్కడ ఊరట దొరకలేదు. ఇక్కడ గోడ కూడా కూలనక్కర్లేకపోయింది. గోడ నిలబడి ఉండగానే నేల కదిలింది!

ఎవరు తప్పు చేశారో తేల్చడం కోర్టు పని. నేనడిగేది వేరు. ఈ 15.17 ఎకరాల మీద రెండు పార్టీలూ అన్నన్ని మాటలు అనుకున్నాయి కదా, "ఇది ప్రభుత్వ నేల, ఇల్లు లేనోళ్ళకి ఇద్దాం" అని గట్టిగా అన్న నాయకుడు ఎవరు? వాళ్ళ కొట్లాట నేల ఎవరి చేతిలో ఉండాలన్న దాని మీదే. మన చేతిలో ఉండాలన్న ఆలోచన వాళ్ళ లెక్కలోనే లేదు.

ఇప్పుడు మన డి-పట్టా తీసి పక్కన పెట్టండి. 1977 అసైన్డ్ భూముల చట్టం ఏమంటుంది? ఆ నేల అమ్మకూడదు, చేతులు మారకూడదు. మారితే వెనక్కి తీసుకునే అధికారం సర్కారుకుంది. కూతురి పెళ్ళికి ఎకరం ఇచ్చేసుకున్నోడు "షరతు ఉల్లంఘించినవాడు". నోటీసు వాడి గుమ్మానికి అంటిస్తారు. 15 ఎకరాలకి షరతు మార్చమన్నవాళ్ళకి మాత్రం ఫైలు పరిగెత్తుకుంటూ వెళ్తుంది. మనకి షరతు అంటే ఉరితాడు, వాళ్ళకి షరతు అంటే దరఖాస్తు ఫారం! సర్కారు మన అసైన్డ్ భూమి తీసుకుంటే పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని చెప్పించుకోడానికి 2004లో మేకల పాండు కేసులో హైకోర్టు విస్తృత ధర్మాసనం దాకా పోవలసి వచ్చింది. 2023లో ఇరవై ఏళ్ళు దాటిన అసైన్డ్ భూములకి అమ్ముకునే హక్కంటూ చట్టం సడలించారు. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి భీమిలి రోడ్డు పొడుగునా సెంటు సెంటుకీ బేరాలు జరిగిన కాలంలో ఆ సడలింపు ఎవరికి పండగో మీకు చెప్పాలా?

లక్ష్మీపేటని మరిచిపోకండి. వంగర మండలం, అప్పుడు శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం జిల్లా. మడ్డువలస రిజర్వాయరు కోసం సర్కారు తీసుకున్న నేలలో కొంత మునగకుండా మిగిలిపోయింది. ఆ మిగులు నేల దున్నుకుని బతుకుదామనుకున్నారు మన జనం. ఆ తగువులో 2012 జూన్ 12న ఐదుగురు దళితుల్ని చంపేశారు. ఒక పని కోసం సర్కారు తీసుకున్న నేల ఆ పనికి అక్కర్లేక మిగిలితే మనకి దక్కింది శవాలు. ఒక పని కోసం సర్కారు ఇచ్చిన నేల ఆ పనికి అక్కర్లేక మిగిలితే పెద్దలకి దక్కబోయింది లేఅవుటు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడనిదే స్టూడియో సంగతి అర్థం కాదు.

ఇది నేల సంగతి. రెండోది టేపు.

స్టూడియో అంటే గోడలూ లైట్లూ కాదు, అందులో తీసి దాచిన బొమ్మ, గొంతు. వీడియో టేపు ఖరీదైన రోజుల్లో పాతది తుడిచేసి దాని మీదే కొత్తది ఎక్కించేవారు. బీబీసీయే 1960ల్లో, 70ల్లో తన కార్యక్రమాలు ఎన్నో అలా పోగొట్టుకుంది. మన దూరదర్శన్‌లోనూ ఇలా తుడిచిన టేపులున్నాయి. ఏది తుడవాలి, ఏది ఉంచాలి అన్నది ఎవరు తేల్చారు? శాస్త్రీయ సంగీతం బీరువాలోకి వెళ్తుంది. మన డప్పు, జముకుల కథ, తప్పెటగుళ్ళు, తూర్పు భాగవతం "జానపదం" అన్న చీటీ అంటించుకుని మూలకి పోతాయి. ఆడినోడి పేరు కూడా రాయరు, "బృందం" అని రాస్తారు.

దాచడం వల్ల ఏమొస్తుందని అడిగేవాళ్ళకి ఒక్క మాట. 1955లో బాబాసాహెబ్ అంబేద్కర్‌తో బీబీసీ చేసిన ఇంటర్వ్యూ రికార్డు ఉంది కాబట్టే ఈ రోజు మన పిల్లలు సెల్‌ఫోన్లో ఆయన గొంతు ఆయన గొంతుగానే వింటున్నారు. ఆ ఒక్క టేపూ తుడిచేసి ఉంటే? ఆయన అన్నది ఇది కాదని ఎవడైనా వచ్చి మనకే పాఠం చెప్పును.

మనకి టీవీ కొత్తలోనే తెలుసు దాని కులం. 1988లో నాకు ఎనిమిదేళ్ళు. మా ఊరి పంచాయతీ టీవీ రామమందిరం పక్క గదిలో ఉండేది. ఊరి పిల్లలు లోపల చాప మీద, పేట పిల్లలం కిటికీ బయట. వాన పడితే వాళ్ళు కిటికీ తలుపు వేసేసేవారు. టీవీ సర్కారుది, కరెంటు పంచాయతీది, కిటికీ మాత్రం వాళ్ళది.

అలా కాకుండా నడిచిన టీవీ కూడా ఈ దేశంలో ఉంది. గుజరాత్ ఖేడా జిల్లాలో 1975 నుంచి ఇస్రో వాళ్ళు పీజ్ అనే ఊళ్ళో చిన్న ట్రాన్స్‌మిటరు పెట్టి వందల ఊళ్ళకి కార్యక్రమాలు ఇచ్చారు. కూలి రేట్లు, అంటరానితనం, పెద్దల దౌర్జన్యం, ఇవన్నీ పల్లె జనంతోనే మాట్లాడించి చూపించారు. 1984లో దానికి యునెస్కో బహుమతి వచ్చింది. 1985లో ట్రాన్స్‌మిటరు మూసేశారు! మంచి పేరొచ్చిన మరుసటి ఏడే తాళం పడింది. కాబట్టి స్టూడియో మనకి పగ కాదు. స్టూడియో తాళంచెవి ఎవరి మొలలో ఉందన్నదే పగ.

"ఇప్పుడు అందరి చేతిలో ఫోనుంది, ఇంకా స్టూడియో ఎందుకు?" అంటారు కొందరు మన కుర్రాళ్ళే. బాబూ, ఫోను నీది, అందులో నీ వీడియో దాచే గోదాము కంపెనీది. వాడు తీసేస్తే దిక్కులేదు. వార్తల పెత్తనం సంగతి అంటావా, 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి పత్రికలు, చానళ్ళు, వెబ్‌సైట్లలో 121 పై కుర్చీలు లెక్కపెట్టాయి. 106 అగ్రవర్ణాలవి. ఎస్సీ, ఎస్టీలవి సున్నా. పాత స్టూడియో కూల్చి కొత్త స్టూడియో కడితే గాజు తలుపులు వస్తాయి, ఏసీ వస్తుంది. ఈ సున్నా ఒకటవుతుందా?

అందుకని మన కోర్కెలు:

1. స్టూడియోకని, టీవీకని ఇచ్చిన ప్రభుత్వ నేల ఆ పనికి వాడకపోతే వెనక్కి రావాలి. వచ్చినదాంట్లో మొదటి హక్కు భూమి లేని, ఇల్లు లేని మాల, మాదిగ, రెల్లి, పైడి కుటుంబాలది. వేలం వద్దు.

2. దూరదర్శన్ పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లని దేశంలో కొద్దిచోట్ల తప్ప 2022 నాటికి ఆపేశారు. ఖాళీ పడిన టవరు జాగాలు, గదులు గుట్టుగా అమ్మకూడదు. గ్రామసభలో చెప్పి, లైబ్రరీకో హాస్టలుకో ఇవ్వాలి.

3. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైన నాటి నుంచి ఉత్తరాంధ్ర కళాకారులతో తీసిన టేపుల జాబితా బయటపెట్టాలి. కంప్యూటర్లోకి ఎక్కించి, ఆడినవాళ్ళ పేర్లు రాసి, బడులకి ఉచితంగా ఇవ్వాలి.

ఇవి దండం పెట్టి అడిగేవి కావు. కార్యకర్తలు ఈ నెలలోనే చేయగల పని ఉంది. మీ మండలంలో రిలే కేంద్రం ఉంటే ఆ సర్వే నెంబరు అడంగల్ తీయించండి, ఎవరి పేరున ఉందో చూడండి. ప్రసార భారతికి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తు పెట్టండి. దారిద్ర్యరేఖ దిగువ ఉన్నవాళ్ళకి ఆ పది కూడా అక్కర్లేదు. జవాబుకి గడువు ముప్పై రోజులు. మీ పేటలో డప్పు కొట్టిన తాతలు, జముకు వాయించిన పెద్దలు ఎవరెవరు టీవీకి వెళ్ళొచ్చారో, ఏ ఏడు వెళ్ళారో అడిగి పేర్లు రాసుకోండి. వాళ్ళు పోతే ఆ జాబితా కూడా పోతుంది.

గోడల కోసం ఏడ్చేవాళ్ళని ఏడవనివ్వండి. మనం కొలతాడు పట్టుకుని నేల దగ్గరికి వెళ్దాం, కాగితం పట్టుకుని టేపు దగ్గరికి వెళ్దాం.

మన నేల మనకి! మన గొంతు మనకి!

జై భీమ్!