కనిపించని అమ్మాయి, కళ్ళతో చూసినట్టు చెప్పిన మనం

ఈ వార్షికోత్సవ సంచికలో కవితలుంటాయి, విహారయాత్ర ముచ్చట్లుంటాయి, మెస్ సాంబారు మీద ఎప్పటిలాగే రెండు మూడు జోకులుంటాయి. అవన్నీ చదివి నవ్వుకోండి. మేము మాత్రం ఈసారి ఒక చేదు విషయం రాయాలనుకున్నాం. ఇందులో తప్పు మాది కూడా ఉంది కాబట్టి ముందు దాని సంగతే చెప్పుకుంటాం.

పోయిన దసరా సెలవుల తర్వాత మా ఫ్లోర్‌లో ఉండే ఫస్టియర్ అమ్మాయి ఒకరు తిరిగి రాలేదు. ఒక రోజు చూశాం, రెండు రోజులు చూశాం. ఫోన్ స్విచ్చాఫ్. మూడో రోజు రాత్రి మెస్‌లో ప్లేట్లు పట్టుకుని లైన్లో నిలబడినప్పుడు మొదలైన మాట, అన్నం తినేలోపు హాస్టల్ వాట్సాప్ గ్రూపులోకి ఎక్కింది. ఆమె పాత డీపీలు తీసి పెట్టారు ఒకరు. రేతిఫైల్ బస్టాండ్ దగ్గర ఎవరో అబ్బాయి బండి మీద పోతుంటే చూశామన్నారు ఇంకొకరు. చివరి స్టేటస్‌లో పెట్టుకున్న పాటను బట్టి మనసులో ఏముందో చెప్పేశారు మరొకరు. రాత్రి పదకొండు గంటలకల్లా కేసు తేలిపోయింది: ఎవరితోనో వెళ్ళిపోయింది! మేమూ ఆ గ్రూపులోనే ఉన్నాం. మాలో ఇద్దరు ఆ మాటలను స్క్రీన్‌షాట్ తీసి వేరే హాస్టల్ స్నేహితులకు పంపారు కూడా.

అయిదో రోజు అసలు సంగతి తెలిసింది. ఆ అమ్మాయి గాంధీ ఆసుపత్రిలో వాళ్ళమ్మ మంచం పక్కన ఉంది. ఫోన్ నీళ్ళలో పడి పాడైపోయింది. బండి మీద కనిపించిన అబ్బాయి సొంత తమ్ముడు. మన హాస్టల్ నుంచి గాంధీకి ఎంత దూరం? నడిచి పోవచ్చు. వాళ్ళ నాన్న ఫోన్ నంబర్ అడ్మిషన్ రిజిస్టర్‌లో మొదటి రోజు నుంచీ ఉంది. అయిదు రోజుల్లో వార్డెన్ మేడమ్‌ను అడిగి ఆ రిజిస్టర్ తీయించి ఫోన్ చేయించింది మన వాచ్‌మన్ తాత ఒక్కడే. ఆయన ఆ గ్రూపులో లేడు.

సంక్రాంతి లోపే ఆ అమ్మాయి హాస్టల్ ఖాళీ చేసింది. ఇప్పుడు రోజూ ఊరి నుంచి రైల్లో కాలేజీకి వచ్చి పోతోంది.

ఆ నాలుగు రాత్రులూ మేము ఆమెను వెతుకుతున్నామనే అనుకున్నాం. ఇప్పుడు ఆలోచిస్తే వెతకడానికి పనికొచ్చే పని ఒక్కటి కూడా చేయలేదు. కథ తయారుచేశాం, అంతే. ఆ కథ ఎంత బాగా కుదిరిందంటే, ఇక వెతకాల్సిన అవసరమే లేదనిపించింది. వెళ్ళిపోయిన మనిషిని ఎవరు వెతుకుతారు?

ఇది మా ఒక్క హాస్టల్ జబ్బు అయితే ఇంత రాయక్కర్లేదు. సికింద్రాబాద్ నుంచి కీసర దాటి కొద్ది దూరం పోతే బొమ్మలరామారం మండలంలో హాజీపూర్ అనే ఊరుంది. 2019 ఏప్రిల్‌లో స్పెషల్ క్లాసులకు వెళ్ళి ఇంటికి తిరిగి వస్తున్న 14 ఏళ్ళ అమ్మాయి కనిపించకుండా పోయి, పాడుబడ్డ బావిలో శవమై దొరికింది. ఆ తర్వాత బావుల్లో వెతికితే ఇంకో ఇద్దరి అవశేషాలు బయటపడ్డాయి. ఒకరు 2015లో తప్పిపోయిన 11 ఏళ్ళ పాప. ఇంకొకరు డిగ్రీ చదువుతున్న అమ్మాయి. ఈమె అంతకు నెల ముందే మాయమైంది. ఎవరితోనో వెళ్ళిపోయి ఉంటుందన్న అనుమానంతో, పరువు పోతుందన్న భయంతో ఇంట్లోవాళ్ళు పోలీసులకు ఫిర్యాదే ఇవ్వలేదని అప్పటి పత్రికల్లో వచ్చింది. నిందితుడికి 2020 ఫిబ్రవరిలో నల్గొండ కోర్టు మరణశిక్ష వేసింది.

ఆ తల్లిదండ్రులను తప్పుపట్టే అర్హత మాకు లేదు. ఊళ్ళో నలుగురి నోళ్ళలో ఏ మాట పడుతుందో వాళ్ళకు తెలుసు, అందుకే నోరు మూసుకున్నారు. మార్చిలోనే ఆ అమ్మాయి కోసం గట్టిగా గాలించి ఉంటే ఏప్రిల్‌లో స్పెషల్ క్లాసు నుంచి వస్తున్న చెల్లెలు ఇల్లు చేరేదేమో. ఈ 'ఏమో' మమ్మల్ని చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

అదే ఏడాది నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌గేట్ సంగతి అందరికీ తెలిసిందే. స్కూటీ పంక్చర్ అయిందని, భయంగా ఉందని పశువైద్యురాలు తన చెల్లెలికి ఫోన్ చేసింది. తర్వాత ఫోన్ పనిచేయలేదు. ఇంటివాళ్ళు పోలీస్ స్టేషన్‌కు పరిగెత్తితే మా పరిధి కాదు, ఇంకో స్టేషన్‌కు పొమ్మన్నారు. ఎవరితోనైనా వెళ్ళిపోయిందేమో అన్న మాట అక్కడా వినపడిందని కుటుంబసభ్యులు చెప్పారు. తెల్లవారాక చటాన్‌పల్లి అండర్‌పాస్ కింద కాలిన శరీరం దొరికింది. ఆలస్యం చేశారని ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. చూడండి, మన మెస్ లైన్లో పుట్టిన మాట, ఊరి రచ్చబండ మీద పుట్టిన మాట, స్టేషన్‌లో వినపడిన మాట, మూడూ ఒకటే!

ఆ తర్వాత దేశమంతా డిటెక్టివ్ అయిపోయింది. ఆమె పేరు, ఫోటో చేతి నుంచి చేతికి తిరిగాయి. అత్యాచార బాధితురాలి వివరాలు బయటపెట్టడం నేరమని అప్పటి ఐపీసీ 228ఏ చెప్పింది, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. రెండేళ్ళ దాకా జైలు. 'దిశ' అనే పేరు పెట్టాల్సి వచ్చింది అందుకే. ఇక నిందితులు నలుగురూ లారీ డ్రైవర్లు, క్లీనర్లు. డిసెంబర్ 6న ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికి వచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని అందులో ఉంది. వాళ్ళు ఆ ఘోరం చేశారా లేదా అన్నది కోర్టు తేల్చాల్సింది. ఇక ఎప్పటికీ తేలదు. ఆమెకు దక్కాల్సిన తీర్పు కూడా ఆ పూల కిందే పోయింది.

ఇక్కడ మన హాస్టల్ వాళ్ళం ఆగి ఆలోచించాల్సింది ఒకటుంది. ఇంటి దగ్గర కూర్చుని నేరస్తుడిని కనిపెట్టే వాళ్ళ వేలు ముందు ఎవరి వైపు లేస్తుంది? ఆటో తోలేవాడి వైపు, లారీ క్లీనర్ వైపు, వాచ్‌మన్ వైపు. మనలో సగం మంది నాన్నలు చేసే పనులవే. అడ్మిషన్ ఫారంలో తండ్రి వృత్తి అనే గడిలో మనం రాసినవి ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

2021 ఫిబ్రవరిలో ఘట్‌కేసర్ దగ్గర ఇదే జరిగింది. బీఫార్మసీ చదివే అమ్మాయిని ఆటోవాళ్ళు ఎత్తుకుపోయారని 10వ తేదీ రాత్రి వార్త వచ్చింది. ఈసారి పోలీసులు ఆలస్యం చేయలేదు, ఫోన్ సిగ్నల్‌ను బట్టి కొద్ది గంటల్లోనే ఆమెను చేరుకున్నారు. కొందరు ఆటోడ్రైవర్లను పట్టుకెళ్ళి విచారించారు. తెల్లారేసరికి ఈసీఐఎల్ నుంచి కీసర దాకా ఆటోవాళ్ళందరూ దొంగలైపోయారు. మూడు రోజులకు రాచకొండ కమిషనర్ మహేశ్ భగవత్ ప్రెస్‌మీట్ పెట్టి కిడ్నాప్, అత్యాచారం జరగలేదని, ఇంటి నుంచి వెళ్ళిపోవాలని ఆ అమ్మాయే అల్లిన కథ అని చెప్పారు. అప్పుడేమైంది? నిన్నటిదాకా ఉరి తీయమన్న నోళ్ళే ఆమె మీద పడ్డాయి. బూతులు, వెక్కిరింపులు, మీమ్‌లు. ఆ అమ్మాయి ఇంట్లోంచి ఎందుకు పారిపోవాలనుకుంది అని అడిగినవాళ్ళు ఎంతమంది? ఫిబ్రవరి 24న ఆమె ప్రాణం తీసుకుంది. కారణం ఫలానా అని చెప్పడం కూడా మళ్ళీ డిటెక్టివ్ పనే అవుతుంది. అది మేము చేయం.

సీసీటీవీలో కనిపించాక ఇంకేం సాక్ష్యం కావాలి అనే వాళ్ళు మనలోనూ ఉన్నారు. వాళ్ళ కోసం ముంబయి కేసు చెప్పాలి. 2014 జనవరి 5 తెల్లవారుజామున మచిలీపట్నం అమ్మాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, లోకమాన్య తిలక్ టెర్మినస్‌లో రైలు దిగింది. 16న కాంజూర్‌మార్గ్ దగ్గర పొదల్లో శవం దొరికింది. స్టేషన్ కెమెరాలో ఆమె పక్కన ఒక మనిషి నడుస్తున్న దృశ్యం టీవీలన్నీ తిప్పి తిప్పి వేశాయి. ఒకతన్ని పట్టుకున్నారు. 2015లో మరణశిక్ష పడింది, 2018లో బాంబే హైకోర్టు ఖాయం చేసింది. 2025 జనవరి 28న సుప్రీంకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసింది. ఆ దృశ్యాలకు సాక్ష్య చట్టం 65బి కింద ఇవ్వాల్సిన ధ్రువపత్రమే లేదు. తక్కిన సాక్ష్యాలూ నిలబడలేదు. పదకొండేళ్ళు గడిచాయి, ఆ తల్లిదండ్రులకు జవాబు లేదు. శిక్షణ పొందిన పోలీసులకే ఇంత తడబాటు అయితే, మసకగా ఉన్న వీడియోను ఫోన్లో పెద్దది చేసి చూసి 'వీడే' అనే మన మాట ఎంతవరకు సమంజసం?

అమెరికా వాళ్ళు కూడా ఇందులో మనకంటే తెలివైన వాళ్ళేం కాదు. 2013లో బ్రౌన్ విశ్వవిద్యాలయ విద్యార్థి, భారత సంతతి కుర్రాడు, కనిపించకుండా పోయాడు. వెతకమని ఇంటివాళ్ళు ఫేస్‌బుక్‌లో పేజీ పెట్టుకున్నారు. ఇంతలో బోస్టన్ బాంబు పేలుళ్ళు జరిగాయి. పోలీసులు విడుదల చేసిన అనుమానితుడి ఫోటోలో ఉన్నది ఇతనేనని ఉత్సాహవంతులు తేల్చేశారు. తిట్లు తట్టుకోలేక ఇంటివాళ్ళు ఆ పేజీనే తీసేయాల్సి వచ్చింది. తర్వాత నదిలో అతని శవం దొరికింది. పేలుళ్ళతో అతనికి ఏ సంబంధమూ లేదు.

అలాగని తప్పిపోయిన వాళ్ళ గురించి మాట్లాడొద్దనీ, ఫోటోలు పంపొద్దనీ మేము అనడం లేదు. 2021లో అమెరికాలోనే ఒక అమ్మాయి మాయమైనప్పుడు, ఊళ్ళు తిరుగుతూ వీడియోలు తీసుకునే ఒక కుటుంబం తమ పాత వీడియోలను మళ్ళీ చూసుకుంటే ఆమె వ్యాన్ కనిపించింది. వాళ్ళు ఆ ముక్క పోలీసులకు ఇచ్చారు. వెతకాల్సిన చోటు దానివల్ల తెలిసింది. వాళ్ళు చెప్పింది చూసిన సంగతి. సికింద్రాబాద్ స్టేషన్ బయట టీ అమ్మే అన్నలు, ఆటో అన్నలు, పోర్టర్లు రోజూ ఎంతమందిని చూస్తారో మనకు తెలుసు. ఫోటో వాళ్ళ దాకా పోవాలి. ఏ బట్టల్లో ఉంది, చివరిసారి ఎక్కడ ఉంది, ఏ స్టేషన్‌కు ఫోన్ చేయాలి, ఇవి ఉంటే చాలు. ఆమెకు ఎవరితో స్నేహం అనేది ఆటో అన్నకు ఎందుకు? ఇంకో మాట, దొరికాక ఆ ఫోటో తీసేయండి. దొరికి నాలుగేళ్ళయిన వాళ్ళు ఇంకా కొన్ని గ్రూపుల్లో తప్పిపోయే ఉన్నారు!

జూనియర్ చెల్లెళ్ళు ఒక సంగతి తెలుసుకోవాలి. పరిధి కాదు అని ఏ స్టేషన్ వాళ్ళూ తిప్పి పంపకూడదు. ఎక్కడైనా ఫిర్యాదు తీసుకుని జీరో ఎఫ్ఐఆర్ రాసి, తర్వాత సంబంధిత స్టేషన్‌కు పంపాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో ఇది స్పష్టంగా ఉంది. 100కు గానీ 112కు గానీ ఫోన్ చేయొచ్చు. ఇరవై నాలుగు గంటలు ఆగాలి అనేది సినిమా డైలాగ్.

అక్కలు కొందరు ఈ సంచిక చదివి, మా రోజుల్లో ఫోన్లే లేవు, ఈ గొడవలే లేవు అంటారని మాకు తెలుసు. అక్కా, మీ రోజుల్లో ఉత్తరం రావడం ఆలస్యమైన అమ్మాయి మీద మెస్‌లో ఏమేం మాటలు నడిచాయో కూడా ఒకసారి రాయండి, వచ్చే సంచికలో వేస్తాం.

ఈ వ్యాసం ప్రెస్‌కు ఇచ్చే ముందు మేము అడ్మిషన్ రిజిస్టర్ తీయించాం. ఆ నంబర్ ఇంకా అందులోనే ఉంది. ఫోన్ చేస్తే వాళ్ళమ్మ ఎత్తింది. ఆరోగ్యం కుదుటపడిందట. మేమెవరమో చెప్పి, జరిగింది రాసుకోవచ్చా అని అడిగాం. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "రాసుకోండి బిడ్డా, పేరు మాత్రం ఎయ్యకుండ్రి" అంది. అమ్మాయికి ఇవ్వమంటే, కాలేజీకి పోయింది, రాత్రి ఎనిమిదింటి బండికి వస్తది అని చెప్పింది. ఎనిమిదిన్నరకు మళ్ళీ చేశాం.