మొదటి కత్తి యెట్టిదై యుండవలెను?

గత వేసవి సెలవులలో మన పాఠశాల విద్యార్థి యొకడు కొండపల్లికి పోయి, అచ్చట బొమ్మలు చేయువారిని చూచివచ్చి, తానును కొయ్య చెక్కుట నేర్చుకొనవలెనని పట్టుపట్టెను. వాని తండ్రి నన్ను సలహా యడిగెను. నేను పని తొందరలో నుండి, "ఏదో యొక పెట్టె కొనుడు, కావలసినవన్నియు అందులోనే యుండును" అంటిని. ఆయన 600 రూపాయలు వెచ్చించి 12 కత్తులు గల పెట్టె నొకదానిని తెప్పించెను. నెల తిరుగకముందే బాలుని యెడమచేతి బొటనవ్రేలికి మూడు కుట్లు పడినవి. తప్పు నాదని మొదటనే యొప్పుకొనుచున్నాను.

ఆ పెట్టెను తెరచి చూచితిని. కంటికి ముచ్చటగానే యున్నది. పిడులన్నియు ఒకే పసుపు రంగు. కాని యొక కత్తిని మెత్తని కొయ్యపై నానించి నొక్కగా అది కోయుటకు మారుగా నలిపెను. సానరాతిపై నూరి చూచితిని. ఉక్కునకు తగిన గట్టిదనము లేనందున నాలుగు కోతలకే వాదర యొక ప్రక్కకు మడతపడెను. ఇట్టి కత్తితో బాలుడేమి చేయును? బలము చేయును. బలము చేసి త్రోసిన కత్తి యెప్పుడు జారునో, జారి యెచ్చట నాగునో, వాని వశములో నుండదు. వాడికత్తి ప్రమాదకరమనియు మొండికత్తి క్షేమమనియు తల్లిదండ్రులు తలంచుచుందురు. దినమును కత్తిపీటపై కూరలు తరుగువారు సయితము ఇట్లు తలంచుట నాకు వింతగా నున్నది.

కావున నా యభిప్రాయ మిది: నేర్చుకొనువానికి పెట్టె వలదు, ఒక్క కత్తి చాలును. పండ్రెండింటికి పంచిన సొమ్ము దేనికిని మంచి యుక్కు తేజాలదు.

ఆ యొక్క కత్తికి అలుగు 1.5 అంగుళములు మొదలు 2 అంగుళముల వరకు ఉండిన చాలును. అంతకు పొడవైనచో మొన చేతికి దూరమై అదుపు తప్పును. వాదర తిన్ననై యుండవలెను. మడతకత్తి పనికిరాదు, నొక్కినప్పుడు ముడుచుకొని వ్రేళ్లపైకే వచ్చును. పిడి పిడికిలి నిండునట్లుండవలెను గాని, నగిషీలతో నుండ నక్కరలేదు. అర్ధగంట పట్టుకొని చూచిన పిమ్మట అరచేతిలో నొప్పి పుట్టించు నగిషీ యెందులకు? కార్బను ఉక్కు అలుగు మన తేమగాలికి తుప్పుపట్టును. పని ముగిసినతోడనే తుడిచి చుక్క నూనె రాయవలెను. అంగడిలో మంచిది దొరకనిచో కమ్మరి నాశ్రయింపవచ్చును. లారీ కమాను పట్టీ తునకతో మా కమ్మరి చేసియిచ్చిన రెండు కత్తులు మా పనిగదిలో నున్నవి. రూపము మోటు, కోత చక్కన.

మిగిలిన సొమ్మును సానకై వెచ్చింపవలెను. దీనినే యందరును మరతురు. 1000 నంబరు నీటిసానయు, పలకకు అతికిన దళసరి తోలుపట్టీయు, దానిపై రుద్దుటకు పచ్చని క్రోమియము ఆక్సైడు ముద్దయు ఉండిన చాలును. తోలుపై కత్తిని వాదర వెనుకబడునట్లు లాగవలెను. ముందునకు త్రోసినచో తోలు తెగును. పావుగంట చెక్కిన పిదప పదిసారులు తోలుపై లాగినచో సానరాతి యవసరము తరచుగా రాదు. పదును తెలిసికొనుటకు వ్రేలితో తడవి చూడరాదు. మెత్తని కొయ్య కొనను అడ్డముగా కోసిన, కోసినచోట నున్నగా మెరయవలెను. చీరుకొనిపోయి తెల్లని గీతలు పడినచో కత్తి యింకను మొండిదే.

"కొండపల్లి పనివారికి బాడితలు, ఉలులు, ఆకురాళ్లు ఇన్ని యుండగా మా వానికి ఒక్కటియేనా?" అని ఆ తండ్రియే నన్నడిగెను. న్యాయమైన ప్రశ్నయే. కాని ఆ పనివాడు తన చేతికి అడ్డుపడిన పని యేదో యెరిగి, దానికి తగిన పనిముట్టును తెచ్చుకొనును. గరిటె గుంటను తొలుచునప్పుడు వంకరకత్తి కావలెనని బాలునికే తోచును, ఆనాడు కొనవచ్చును. నేను శిక్షణ కళాశాలలో చదువునప్పుడు స్వీడను దేశపు ఓటో సాలమన్ గారిని గూర్చి నేర్చుకొంటిని. 1870 తరువాతి సంవత్సరములలో ఆయన నాస్ అనుచోట ఉపాధ్యాయులకు స్లాయిడ్ అను చేతిపని విద్యను నేర్పెను. ఆ పద్ధతిలోను బాలుని చేతికి మొదట వచ్చునది కత్తియే.

కొయ్య విషయము ఒక మాటలో చెప్పెదను. వడ్రంగి పారవేసిన టేకు ముక్కతో మొదలుపెట్టరాదు. అది చేతిని అలయించును, వాదరను తినివేయును. కొండపల్లివారు వాడు తెల్లపొణికియో, ఏటికొప్పాకవారు వాడు అంకుడు కర్రయో దొరికిన మేలు. కొయ్యను పట్టిన చేతికి కోతకు లోబడని తొడుగు వేయవలెను. పెద్దలొకరు దగ్గర నుండవలెను.

కుట్లు విప్పిన పిమ్మట ఆ తండ్రి, "ఇక వద్దండి, మాస్టరుగారూ! వాడు చదువుకొంటే చాలు" అనెను. ఆయనను ఒప్పించుటకు నేను మూడు సాయంకాలములు వారి యింటికి పోవలసివచ్చెను. తుదకు నా యెదుటనే, నా కత్తితోనే చెక్కవలెనను నిబంధనపై ఒప్పుకొనెను. మొదటి వారము బాలునిచే చెక్కించనే లేదు, సాన పట్టించితిని. వాడు విసుగుకొనెను, నేను వినిపించుకొనలేదు.

మొన్న వాడొక యెద్దుబొమ్మను తెచ్చి చూపెను. కొమ్ములు బాగుగా కుదిరినవి. ఒక కాలు మాత్రము నారకు అడ్డముగా చెక్కుటచే విరిగిపోయినది. "మాస్టరుగారూ, కొండపల్లిలో కాళ్లు వేరే చెక్కి మక్కుతో అతికిస్తారండి. ఆ మక్కు ఎట్లా చేస్తారండి?" అని యడిగెను. రంపపు పొట్టు మన పనిగదిలోనే కలదు. చింతగింజలు తెమ్మని యింటికి పంపితిని.