పసుపు సీసా పెద్దమనిషి

గుమ్మంలో చేతిసంచితో మనిషి కనబడగానే ఇల్లాలు "ఏమీ అక్కర్లేదు నాయనా" అనేస్తుంది. అతను సంచి విప్పకముందే, తెచ్చినది సబ్బో, అగరువత్తులో, పిల్లల పుస్తకాలో తెలియకముందే ఆ మాట అనేస్తుంది. అందులో ఆవిడ తప్పూ లేదు. నెలాఖరు రోజులు, పొయ్యిమీద పప్పు, పక్కన ఏడ్చే పిల్ల. గుమ్మంలో ఉన్న మనిషి మాత్రం ఏం చేస్తాడు? సాయంత్రానికి నాలుగు వస్తువులు అమ్మకపోతే అతని ఇంట్లోనూ ఒక పిల్ల ఏడుస్తుంది. సేల్స్‌మన్ బతుకు ఈ రెండు ఏడుపుల మధ్య నడుస్తుంది.

మనవాళ్ళు కవులను తలుచుకుంటారు, నాయకులకు విగ్రహాలు పెడతారు. వస్తువు అమ్మి బతికినవాణ్ణి తలుచుకోవడం తక్కువ. "వాడికేం, వ్యాపారస్తుడు" అని ఒక్క మాటతో తేల్చేస్తారు. అందుకే ఈ వారం ఒక అమ్మకందారుని సంగతి చెప్పదలిచాను. ఆయన అమ్మిన సరుకు మీ ఇంట్లో అలమరలోనో, తలగడ కిందో ఈ క్షణాన కూడా ఉండవచ్చు.

కడప జిల్లాలో పులివెందులకు దగ్గర, వేముల మండలంలో తుమ్మలపల్లె ఉన్నది. 2012లో యురేనియం గని ప్రారంభం కావడంతో ఆ ఊరి పేరు దేశమంతా తెలిసింది. నేల అడుగున ఖనిజం ఉన్నా పైన నీటికి ఎప్పుడూ వెతుకులాటే. శెనక్కాయ చేనికి వాన కావాలి, చీనీ తోటకు బోరులో నీళ్ళు కావాలి. అలాంటి మెట్ట ఊరి అంగడిలో కూడా, పొద్దంతా ఎండలో తిరిగివచ్చిన రైతు "అప్పా, అమృతాంజనం ఒకటియ్యప్పా" అంటే అంగడాయన మారుమాట లేకుండా తీసి ఇస్తాడు. ఏ కంపెనీదని గానీ, ఎవరు కనిపెట్టారని గానీ అడిగేవారు లేరు. పేరే సరుకైపోయింది. అమ్మకం వృత్తిలో ఉన్నవాడికి అంతకన్న ఏం కావాలి?

ఆ పేరు పెట్టినవారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టారు. బందరులోనూ, మద్రాసు క్రైస్తవ కళాశాలలోనూ చదువుకున్నారు. ఆ రోజుల్లో ఇంగ్లీషు చదివిన కుర్రవాడంటే కచేరీలో ఉద్యోగమో, కోర్టులో ప్లీడరీయో చేయాలి. పంతులుగారు ఆ రెండూ కాదని కలకత్తా వెళ్ళారు, అక్కడినుంచి బొంబాయి చేరారు. కంపెనీలో పనిచేస్తూ వ్యాపారం మెలకువలు నేర్చుకుని, 1893లో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. కర్పూరం, పుదీనా పువ్వు, నీలగిరి తైలం వంటివి కలిసిన పసుపుపచ్చని లేపనం అది.

మందు తయారైంది. మరి కొనేదెవరు? బొంబాయి మహానగరంలో తెలుగు బ్రాహ్మడి మందును నమ్మేదెవరు? ఇక్కడే ఆయన అమ్మకం నేర్పు చూడాలి. సంగీత కచేరీలు జరిగేచోట ఆయన చిన్న చిన్న మోతాదుల్లో మందును ఉచితంగా పంచేవారని చెబుతారు. ఇది వట్టి ధర్మమనుకోకండి. కచేరీకి వచ్చేవాడు నాలుగు డబ్బులున్నవాడు. కిక్కిరిసిన హాలులో, దీపాల వేడిలో, అర్ధరాత్రి దాకా మేలుకుంటే తలనొప్పి రాకుండా ఉండదు. మందు నుదుటికి రాసుకుంటే నిమిషాలమీద చల్లదనం తెలుస్తుంది. పక్కవాడికి వాసన తెలిసి "అదేమిటండీ?" అని అడుగుతాడు. ఇంక అమ్మేవాడు నోరు విప్పనక్కరలేదు, నొప్పి తగ్గినవాడే చెబుతాడు.

ఇందులో వ్యాపారం ఉన్నది, మర్యాదా ఉన్నది. "ముందు డబ్బివ్వు, తరువాత గుణం చూడు" అనేవాళ్ళు లోకం నిండా ఉన్నారు. "ముందు గుణం చూడు, నచ్చితేనే కొను" అన్నారు పంతులుగారు. సరుకుమీద నమ్మకం లేనివాడు ఈ మాట అనలేడు.

డబ్బు వచ్చింది. డబ్బు సంపాదించినవాళ్ళు చాలామంది ఉన్నారు గనుక ఆ సంగతి త్వరగా దాటుదాం. అది ఎటు పోయిందన్నదే వినవలసిన కథ. 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రికను వారపత్రికగా పెట్టారు. తెలుగుదేశానికి అంత దూరాన తెలుగు పత్రిక! 1914లో మద్రాసుకు తరలివచ్చి దాన్ని దినపత్రిక చేశారు. 1924లో భారతి మాసపత్రిక మొదలుపెట్టారు. కొత్తగా రాసే యువకులు భారతిలో తమ పేరు చూసుకోవాలని కలలు కనేవారు. 1926లో ఆంధ్రగ్రంథమాల పెట్టి బసవపురాణం వంటి పాత కావ్యాలను సామాన్యుడు కొనగల వెలకు అచ్చువేయించారు. 1923లో కొమర్రాజు లక్ష్మణరావుగారు కాలం చేసి ఆంధ్ర విజ్ఞానసర్వస్వం సగంలో ఆగితే, ఆ బరువునూ తలకెత్తుకున్నారు.

పత్రికలు, పుస్తకాలు డబ్బు తెచ్చిపెట్టేవి కావు, తినేసేవి. సీసాలు సంపాదించిన డబ్బును అచ్చుయంత్రాలు మింగేవి. లెక్కలు తెలిసిన వర్తకుడికి ఇది తెలియదా? తెలుసు. తెలిసే చేశారు. అడిగినవారికి లేదనకుండా ఇచ్చేవారు గనుక జనం ఆయనను "విశ్వదాత" అన్నారు, "దేశోద్ధారక" అన్నారు. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళారు. అక్కడా ఊరక కూర్చోక భగవద్గీతకు వ్యాఖ్యానం రాశారు.

ఇచ్చే చేయిని లోకం పొగుడుతుంది. ఆ చేయి ఉన్న ఇంటిని నడిపేవారి సంగతి ఎవరూ రాయరు. వేళకాని వేళ పదిమంది భోజనానికి వస్తే విస్తళ్ళు వేసిందెవరు? చందాలకు పోగా మిగిలిన దానితో ఇల్లు సర్దిందెవరు? మన చరిత్రకారులకు ఇది చిన్న విషయం, మన పాఠకురాళ్ళకు కాదు. ఆ కుటుంబం పంతులుగారి తరువాత కూడా వెనుదీయలేదు. అల్లుడు శివలెంక శంభుప్రసాద్‌గారు పత్రికనూ, భారతినీ, వ్యాపారాన్నీ దశాబ్దాలపాటు నడిపారు. ఆంధ్రపత్రిక, భారతి 1991లో ఆగిపోయాయి. పసుపు సీసా మాత్రం ఇంకా అమ్ముడవుతూనే ఉన్నది.

ఇంతకూ తుమ్మలపల్లెకూ పంతులుగారికీ ఆ సీసా ఒక్కటే సంబంధం కాదు. మద్రాసు మైలాపూరులో ఆయన ఇంటిపేరు శ్రీబాగ్. 1937 నవంబరు 16న ఆ ఇంట్లో కోస్తా నాయకులూ, రాయలసీమ నాయకులూ కూర్చుని ఒక ఒడంబడిక చేసుకున్నారు. కడప కోటిరెడ్డిగారు, కల్లూరి సుబ్బారావుగారు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు, కొండా వెంకటప్పయ్యగారు వంటి పెద్దలు అందులో ఉన్నారు. ప్రత్యేకాంధ్ర రాష్ట్రం వస్తే తమకు అన్యాయం జరుగుతుందేమోనని సీమవారి భయం. ఆ భయం తీర్చడానికి రాసుకున్న కాగితం అది. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, రాజధాని, హైకోర్టులలో సీమ కోరుకున్నది, అన్నిటికంటె ముఖ్యంగా తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్ళలో పదేళ్ళపాటు, అవసరమైతే ఇంకా ఎక్కువకాలం సీమకు మొదటి హక్కు. ఇవీ అందులోని మాటలు.

ఆ తరువాత అయిదు నెలలకే, 1938 ఏప్రిల్ 11న, పంతులుగారు కన్నుమూశారు. తన ఇంట్లో పుట్టిన కాగితం ఏమైందో చూడలేదు. 1953లో కర్నూలు రాజధాని అయింది. మూడేళ్ళు తిరిగేసరికి, 1956లో, అది హైదరాబాదుకు పోయింది. నీళ్ళ మాట మాత్రం ఏళ్ళకేళ్ళు కాగితంమీదే ఉండిపోయింది. గండికోట, చిత్రావతి జలాశయాల పుణ్యమా అని పులివెందుల ప్రాంతానికి కొంత నీరు వచ్చింది గాని, అది ఎన్ని దశాబ్దాల తరువాత! సీమలో నీటి సభ ఎక్కడ జరిగినా "శ్రీబాగ్" మాట ఈనాటికీ వినబడుతుంది. అది ఒక అమ్మకందారుని ఇంటిపేరని వినేవారిలో ఎందరికి తెలుసు?

నా మనసుకు తట్టేది ఒకటే. అమ్మకందారుడు అమ్మేది సరుకు కాదు, మాట. అమృతాంజనం సీసా ఇచ్చే మాట నిమిషాలలో తేలిపోతుంది. నుదురే సాక్షి. దేశపు పెద్దలు ఇచ్చే మాటకు అలాంటి సాక్షి లేదు, ముందుగా రాసుకుని చూడడానికి మోతాదు లేదు. ముందు నమ్మాలి, తరువాత తరాలపాటు ఎదురుచూడాలి. పంతులుగారు అంగట్లో పాటించిన న్యాయం రాజకీయంలోనూ ఉండి ఉంటే, తుమ్మలపల్లె రైతుకు నీళ్ళ కోసం ఇంత తలనొప్పి ఉండేది కాదు.

రేపు గుమ్మంలో చేతిసంచి మనిషి నిలబడితే, కొనడం మానడం మీ ఇష్టం. "అక్కర్లేదు" అనేముందు సంచి విప్పనివ్వండి. మండుటెండలో వచ్చాడు, ఓ గ్లాసు మంచినీళ్ళివ్వండి. అతను చెప్పే మాట నిజమో కాదో ఆనక తేల్చుకోవచ్చు.