డెడ్ మూన్ (సంగీత బృందం)

డెడ్ మూన్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని పోర్ట్‌లాండ్ నగరానికి (ఒరెగాన్ రాష్ట్రం) చెందిన గ్యారేజ్ పంక్ సంగీత బృందం. ఇది 1987 నుండి 2006 వరకు కొనసాగింది. పెద్ద రికార్డు కంపెనీల అండ లేకుండా ఒక బృందం ఎంతకాలం నిలబడగలదో, అందుకు ఏ మూల్యం చెల్లించవలసి ఉంటుందో ఈ బృందం చరిత్ర తెలుపుతుంది.

గ్యారేజ్ పంక్ అనగా

1960లలో అమెరికా యువకులు ఇంటి కారు షెడ్లలో సాధన చేసి వాయించిన సంగీతానికి గ్యారేజ్ రాక్ అని పేరు వచ్చింది. బొంగురు గిటారు ధ్వని, మెరుగులు దిద్దని రికార్డింగు దీని లక్షణాలు. 1970ల నాటి పంక్ ఉద్యమపు వేగం, స్వయంనిర్వహణ పట్ల పట్టుదల దీనికి తోడై గ్యారేజ్ పంక్ రూపొందింది.

నేపథ్యం

గాయకుడు, గిటారు వాద్యకారుడు ఫ్రెడ్ కోల్ (1948-2017), బేస్ గిటారు వాయించే ఆయన భార్య టూడీ కోల్, డ్రమ్ములు వాయించే ఆండ్రూ లూమిస్ ఇందులో సభ్యులు. ఫ్రెడ్ అంతకుముందు 1960లలో 'ది వీడ్స్' అనే బృందంలో ఉండేవాడు. మేనేజరు ఆ బృందం పేరును 'లాలీపాప్ షాప్'గా మార్చివేయగా, 1968లో ఆల్బమ్ ఆ పేరుతోనే వెలువడింది. తమ పేరుపై కూడా కళాకారులకు అధికారం లేని పరిస్థితి అది.

స్వయంనిర్వహణ

డెడ్ మూన్ మార్గం ఇందుకు పూర్తిగా భిన్నమైనది. కోల్ దంపతులు 'టూంబ్‌స్టోన్' పేరిట సొంత రికార్డు సంస్థను, వాద్యపరికరాల దుకాణాన్ని నడిపారు. 1950ల నాటి లేత్ యంత్రంపై ఫ్రెడ్ స్వయంగా మోనో రికార్డుల మూలప్రతులను చెక్కేవాడు. తొలి ఆల్బమ్ 'ఇన్ ది గ్రేవ్‌యార్డ్' 1988లో వచ్చింది. జర్మనీలోని మ్యూజిక్ మేనియాక్ సంస్థ వీరి రికార్డులను ఐరోపాలో విడుదల చేసింది. స్వదేశంలో కంటే ఐరోపా పర్యటనలలో వీరికి ఎక్కువ ఆదరణ లభించింది.

బృందం 2006లో విడిపోయింది. 2014లో తిరిగి కలిసి ప్రదర్శనలిచ్చింది. లూమిస్ 2016లోను, ఫ్రెడ్ 2017లోను క్యాన్సర్‌తో మరణించారు.

విశ్లేషణ

పాట, దాని మూలప్రతి, అమ్మకం కళాకారుల చేతిలోనే ఉండటం ఈ బృందం బలం. అయితే ఆదాయం పర్యటనలపై ఆధారపడినపుడు అనారోగ్యం, వార్ధక్యం సంపాదనను ఆపివేస్తాయి.

తెలుగునాట సినిమా పాటదే పైచేయి కావటంతో స్వతంత్ర బృందాలకు దారి ఇరుకు. హైదరాబాదుకు చెందిన 'చౌరస్తా' బృందం 2020లో కరోనాపై చేసిన పాట అంతర్జాలం ద్వారా జనంలోకి వెళ్ళింది. అప్పటి ఆ బృంద గాయకుడు రామ్ మిరియాలకు మరింత విస్తృతమైన పేరు తెచ్చినది 'జాతిరత్నాలు' (2021) సినిమా పాట.

కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థం వంటి ఉత్సవాలలోను, పెళ్ళిళ్ళలోను వాయించే మేళగాళ్ళు వాయిద్యాలు సొంతవే అయినా బయానా తీసుకున్న రోజులపైనే ఆధారపడతారు. అమలాపురం, రాజోలు, కొత్తపేటలలోని యువకులు నేడు సెల్‌ఫోనుతోనే పాటను రికార్డు చేసి లోకానికి వినిపించగలరు. కానీ ఆ పాటపై హక్కు ఎవరిది, వాయించలేని వయసులో ఆధారం ఏది అనే రెండు ప్రశ్నలు మిగిలే ఉంటాయి. డెడ్ మూన్ చరిత్రలో మొదటిదానికి సమాధానం ఉంది. రెండవదానికి కళాకారుల సంఘాలు, ప్రభుత్వాలు సమాధానం వెతకవలసి ఉంది.