నల్ల తెర వస్తే మిషన్ పోయినట్టు కాదు

హాస్టల్‌కు కంప్యూటర్లు రావడం ఒక ఎత్తు, వచ్చినవి పనిచేస్తూ ఉండటం మరో ఎత్తు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 చాలా పాత మిషన్లకు సరిపడదు. కనుక దాతలు ఇచ్చే పాత కంప్యూటర్లకు లినక్సే దిక్కు. దానికి లైసెన్సు డబ్బు కట్టనక్కర్లేదు. 1991లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని మొదలుపెట్టినప్పుడు ఆయనకు 21 ఏళ్లు, ఇంకా విద్యార్థే.

చిక్కల్లా ఒక్కటే. ఒకరోజు స్విచ్ వేస్తే డెస్క్‌టాప్ రాదు. నల్ల తెర మీద నాలుగు ఇంగ్లీషు ముక్కలు కనిపిస్తాయి. వెంటనే "మిషన్ పోయింది" అని ఒకరు, "ఫార్మాట్ కొట్టేయండి" అని మరొకరు అంటారు. ఈ రెండు మాటలూ మన హాస్టళ్లలో వినిపించకూడదని మా అభిప్రాయం. ఒక మిషన్ మూలన పడితే పదిమంది వంతు పోతుంది. ఫార్మాట్ కొడితే ఆ పదిమంది ప్రాజెక్టులూ, బయోడేటాలూ పోతాయి.

మనం కృష్ణా డెల్టా పిల్లలం. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్లు పెద్ద కాలువ, పిల్ల కాలువ, పంట బోదె దాటి శివారు చేనుకు చేరాలి. చేరకపోతే బ్యారేజీ కూలిందని ఏ రైతూ అనడు. గట్టు వెంట నడిచి తూము ఎక్కడ మూసుకుందో, గుర్రపుడెక్క ఎక్కడ అడ్డుపడిందో చూస్తాడు. లినక్స్‌లో బ్యారేజీ లాంటిది కెర్నెల్. దాని తర్వాత సర్వీసులు, ఆపైన లాగిన్ తెర, చిట్టచివర డెస్క్‌టాప్. ఆగింది చివరి చేను మాత్రమే కావచ్చు.

గట్టు మీద నడక ఇలా మొదలవుతుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కాలి. అక్షరాల లాగిన్ వచ్చిందంటే కెర్నెల్ బతికే ఉంది. పేరు, పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్లి ముందు డీఎఫ్ కమాండుతో డిస్కు చూడాలి. సినిమాలతో నూటికి నూరు నిండితే డెస్క్‌టాప్ లేవకపోవచ్చు. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయి ఉంటే ప్యాకేజీలు సగంలో ఆగి ఉంటాయి. ఉబుంటు, డెబియన్‌లలో డీపీకేజీ కమాండుతో వాటిని పూర్తి చేయించవచ్చు. కొత్త కెర్నెల్ వచ్చాక తెర రాకపోతే గ్రాఫిక్స్ డ్రైవర్‌ను అనుమానించాలి. గ్రబ్ మెనూలో పాత కెర్నెల్ ఎంచుకుని చూస్తే సంగతి తేలుతుంది. ఇవేవీ కాకపోతే జర్నల్‌సీటీఎల్ కమాండు ఆ రోజు జరిగినదంతా వరసగా చూపిస్తుంది.

అసలు అడ్డం ఇంగ్లీషు భయం. తెలుగు మీడియం తమ్ముళ్లు ఆ అక్షరాలు చూడగానే వెనక్కి జరుగుతారు. స్వేచ్ఛ వంటి సంస్థల కృషితో లినక్స్ మెనూలు తెలుగులోకి వచ్చాయి గానీ, ఇలాంటప్పుడు వచ్చే సందేశాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి. అయినా "నో స్పేస్ లెఫ్ట్" అంటే చోటు లేదని, "పర్మిషన్ డినైడ్" అంటే అనుమతి లేదని. ఇలాంటి పాతిక మాటలు నేర్చుకుంటే సగం భయం పోతుంది.

పిల్లలు కెలికితే ఉన్నది కూడా పాడవుతుందని వార్డెన్ గార్లు జంకుతారు. ఆ జంకు న్యాయమైనదే. అందుకే మిషన్ పక్కన ఒక నోట్‌బుక్కు ఉండాలంటున్నాం. ముందు ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయాలి. తెర మీది సందేశాన్ని అక్షరం పొల్లుపోకుండా రాయాలి. చేసిన పని, ఫలితం, తేదీ రాసి సంతకం పెట్టాలి. అక్షరాలు కూడా రాకపోతే కేబులో, మెమరీయో అయి ఉండవచ్చు. అప్పుడు షాపుకు పంపాలి.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థి అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. మీరు పంపే కంప్యూటర్లకు కృతజ్ఞులం. వాటితోపాటు ఒక ఆదివారం కూడా ఇవ్వండి. వచ్చినప్పుడు మీరే బాగుచేసి వెళ్లకండి. పక్కన కూర్చుని, కీబోర్డు మా తమ్ముళ్ల చేతికివ్వండి.